ఇంజన్ విప్పేముందు ఇది చదువు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నాన్న బండి అమ్మటం లేదట, ఇంజన్ చేయించి, డ్రైవర్‌ని పెట్టి నువ్వే తిప్పుతావట. ఫోన్ పెట్టేశాక నేను అన్నం ముందు కూర్చుని పళ్లెం అంచున వేలితో లెక్కలు రాస్తుంటే మీ పెద్దమ్మ తిట్టింది. మన ఇంట్లో మగపిల్లలు ఒక్కడూ లారీ వైపు చూడలేదు, బీకాం చదివి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాసే పిల్లవి నువ్వు చూశావు. గర్వంగానే ఉంది, కాదనను. కానీ మేస్త్రీ లక్షా పది వేలు అన్నాడనీ, నువ్వు సరిగ్గా లక్షా పది వేలే సర్దుకున్నావనీ విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు.

లెక్కలు రాసే పిల్లవే కదా, ఇంజన్ విప్పకముందు ఎవరైనా చెప్పే అంకెను ఎట్లా నమ్మావు? లోపల ఏముందో ఆ మేస్త్రీకి కూడా తెలియదు. నిరుడు మా వీధిలో ఒకాయన ఇలాంటి టాటా 1613 లారీనే ఆటోనగర్‌లో విప్పించాడు, అక్కడా మొదటి మాట లక్షా పదే, బండి బయటికి వచ్చేసరికి లక్షా ఎనభై రెండు. మోసమేం కాదు, బిల్లులన్నీ నేనే చూశాను, పెద్దవి మాత్రం చెప్తా. పిస్టన్లు, లైనర్లు, రింగులు నలభై రెండు వేలు. లేత్ షాపులో బ్లాక్, హెడ్ పని ఇరవై రెండు. పంపు, నాజిళ్లు కాలిబ్రేషన్‌కి ఇరవై నాలుగు, టర్బోకి పద్నాలుగు, మేస్త్రీ కూలి పాతిక. గేర్‌బాక్స్ ఎలాగూ దింపారు కదా అని క్లచ్ ప్లేట్ కూడా మార్చారు, అది మంచి పనే, మళ్లీ దింపితే కూలి డబుల్. ఇలా 'ఎలాగూ' అనే మాటతోనే సగం ఖర్చు పెరుగుతుంది. మేస్త్రీ చెప్పినదాని మీద సగం ఎక్కువ చేతిలో పెట్టుకుని మొదలుపెట్టు, లేకపోతే మొదలుపెట్టకు. విప్పిన ఇంజన్‌ని డబ్బుల్లేక షెడ్‌లో వదిలేస్తే కిస్తీ ఆగదు, డ్రైవర్ ఆగడు, తుప్పు అసలే ఆగదు. మిగతాది ఫోన్ యాప్‌లో లోన్ తీసుకుంటానని అన్నావట. ఆ మాట ఇంకోసారి నా చెవిన పడకూడదు.

అన్నట్టు 2025 సెప్టెంబర్ 22 నుంచి స్పేర్ పార్టుల మీద జీఎస్‌టీ 18 శాతమే. ఎవరైనా పాత అలవాటు కొద్దీ 28 వేస్తే బిల్లు వెనక్కి ఇచ్చెయ్. నీకు చెప్పాలా ఇది.

అసలు ఇంజన్ బోరుకొచ్చిందా, అంటే సిలిండర్లు అరిగి విప్పి చేయించే దశకొచ్చిందా లేదా అన్నది ముందు తేల్చుకో. నీలం పొగ వస్తోందని మీ అమ్మ అంది. నీలం పొగంటే ఆయిల్ కాలుతోంది, సరే, కానీ టర్బో సీలు పోయినా అదే పొగ వస్తుంది, దానికి ఇంజన్ మొత్తం విప్పితే పంటి నొప్పికి తల తీయించుకున్నట్టు. నల్ల పొగైతే ఎయిర్ ఫిల్టర్, నాజిళ్లు చూడాలి. ఇంజన్ బాగా వేడెక్కాక లోపలి ఆవిరి బయటికొచ్చే బ్రీదర్ పైపు దగ్గర అరచెయ్యి పెట్టు, పొగ రైలింజన్‌లా కొడుతుంటే రింగులు, లైనర్లు అయిపోయినట్టే. ఆరు సిలిండర్లకూ కంప్రెషన్ కొలిపించు, కొలతలు నీ ఎదురుగా కాగితం మీద రాయమను.

మీ బండిలోది 697 ఇంజన్. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, పేరులోనే ఉంది, ఆ బోరు వైశాల్యాన్ని 128 స్ట్రోకుతో, ఆరుతో గుణిస్తే 5,675 సీసీ వస్తుంది, చేసి చూసుకో. నేను పని నేర్చుకున్నప్పుడు మా ఉస్తాద్ ఇంకా టాటా బెంజ్ అనే అనేవాడు, 1954 నుంచి పదిహేనేళ్లు వాళ్లిద్దరూ కలిసి చేశారు కదా, ఆ పేరు ముసలి మేస్త్రీల నోట అలాగే ఉండిపోయింది. మంచి ఇంజన్, ఓర్చుకుంటుంది. సరైన పార్టులు దొరకని ఊరే లేదు, డూప్లికేట్లు దొరకని ఊరూ లేదు.

క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని సంగతి లేత్ షాపుకి నువ్వే వెళ్లి చూసుకో. మైక్రోమీటర్‌తో బేరింగ్ కూర్చునే ప్రతి జర్నల్‌నీ రెండు వైపులా కొలవాలి, కోడిగుడ్డులా అయిందేమో తెలుస్తుంది. ఇంతకుముందు ఎంత గ్రైండ్ చేశారో అడుగు. పదికి, ఇరవైకి, ముప్పైకి అని వాళ్ల భాషలో చెప్తారు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు. చివరి సైజు దాటితే ఆ క్రాంక్ ఇక పనికిరాదు. అప్పుడు ఎవడో ఒకడు వచ్చి 'అక్కా, హాఫ్ ఇంజన్ ఉంది, చవగ్గా' అంటాడు, అంటే వేరే ఇంజన్‌ది, క్రాంక్‌తో సహా కింది సగం. ఆర్‌సీలో ఇంజన్ నంబర్ మార్పించాలని అతను చెప్పడు, ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడు ఆర్‌టీఓ ఆఫీసులో చెప్తారు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాద్దామని కూర్చోలేదు, కానీ ఇది దాచిపెట్టి మిగతావి ఎన్ని రాసినా నేను అబద్ధాలు రాసినట్టే.

2004లో మన పాత బండికి, అదీ 1613నే, మూడో పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్ బేరింగ్ పోయింది. ఆయిల్ మార్చడం ఆలస్యమైంది, తప్పు ఇద్దరిదీ. షెడ్ నాది, చేతులు నావి, మీ నాన్న పక్కన కూర్చుని స్పానర్లు అందించాడు. ఇంజన్ కింద ఆయిల్ నిలిచే ఛాంబర్ విప్పితే అడుగున ఆయిల్‌లో పెళ్లి చీర జరీలా మెరుస్తోంది, వేలు పెట్టి తీస్తే గోటి కింద బేరింగ్ పొడి. క్రాంక్ గ్రైండ్ చేయించాం, కొత్త బేరింగులు వేశాం, ఛాంబర్ కడిగాం, ఆయిల్ దారులన్నీ డీజిల్ కొట్టి గాలి పెట్టాం. మిగిలింది ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్. అది రేకుల మధ్య సన్నటి సందులతో ఉంటుంది, లోపలికి చూపు ఆనదు, బ్రష్ పోదు. కొత్తది మూడు వేల రెండు వందలు. మీ నాన్న దగ్గర అప్పటికే రూపాయి లేదు, నాకు తెలుసు. 'కడిగితే సరిపోతుందిరా' అన్నాను. డీజిల్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున గాలి పెట్టి బిగించేశాను.

ఫిల్టర్ ఉంది కదా పెద్దనాన్నా అంటావు. పొద్దున చల్లటి ఇంజన్‌లో ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు ఫిల్టర్ బైపాస్ తెరుచుకుంటుంది, ఆయిల్ వడకట్టకుండానే పోతుంది. ఆయిల్ అసలు అందకపోవడం కంటే మురికి ఆయిల్ అందడం నయమని అలా చేశారు. కూలర్ సందుల్లో దాక్కున్న పొడి రోజుకింత కొత్త బేరింగుల్లోకి పోయింది.

పదకొండో రోజు మీ నాన్న వాడపల్లిలో రెండు వందల బస్తాల సిమెంట్ ఎత్తాడు. మిర్యాలగూడలో ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు, అన్నా, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి పడుతోంది, ఆపెయ్యనా అని. నేను అప్పుడు వేరే బండి కింద ఉన్నాను, కుర్రాడు రిసీవర్ లాక్కొచ్చి చెవికి పెట్టాడు. కొత్త ఇంజన్ కదరా, సర్దుకుంటుంది, వచ్చెయ్ అన్నాను. నల్గొండ దాటి నార్కట్‌పల్లి చేరకముందే ఇంజన్ పట్టేసింది. రాడ్ బ్లాక్‌ని పొడుచుకుని బయటికొచ్చింది. ఆ రాత్రి వాన. టార్పాలిన్ చిరుగులోంచి నీళ్లు దిగి ముప్పై ఒక్క బస్తాలు గడ్డకట్టాయి, సరుకు పార్టీ వాటి డబ్బు కోసుకుంది. రెండు రాత్రులు క్యాబిన్‌లోనే కూర్చున్నాడు మీ నాన్న. మూడు వేల రెండు వందలు మిగిల్చానని మురిసిన నేను అరవై ఎనిమిది వేల పని పెట్టాను. మీ అమ్మ గాజులు అప్పుడే తాకట్టుకెళ్లాయి. నీకు ఆరేళ్లు, గుర్తుండదు.

మీ నాన్న ఒక్క మాట అనలేదు. అడిగాడంతే, ఎందుకైందన్నా అని. దుకాణదారు డూప్లికేట్ బేరింగ్ అంటగట్టాడురా అన్నాను. ఇరవై ఏళ్లు దాటింది, ఇప్పటికీ మీ నాన్న రాణిగంజ్‌లో ఆ దుకాణం ముందు నుంచి పోవాల్సొస్తే అవతలి పక్కకి దాటి నడుస్తాడు. ఆ మనిషి ఇచ్చింది అసలు సరుకే. పాత కూలర్‌ని కోసి చూశాను నేను, ఎవరూ లేనప్పుడు. లోపల బంక, బంకలో మెరుపు.

అందుకే నా సలహాలు కొంచెం ఒకవైపే ఒరుగుతాయి, ఏమనుకోకు. పాలిష్ పెయింట్ ఎలా వేస్తారో వేయనీ, అది నాకు పట్టదు. గ్రైండింగ్ నుంచి వచ్చిన క్రాంక్‌లోని ఆయిల్ రంధ్రాలు నీ ఎదురుగా కడిగించు, ఒక్కో రంధ్రంలోకి టార్చ్ కొట్టి చూడు. ఆయిల్ పంపు కొత్తది వెయ్యి. రాడ్ బోల్టులు పాతవి బిగించనివ్వకు. స్టార్ట్ చేసే ముందు డీజిల్ ఆపి సెల్ఫ్ కొట్టించు, ప్రెషర్ ముల్లు లేచాకే ఇంజన్ అందుకోవాలి. మొదటి ఆయిల్ వెయ్యి కిలోమీటర్ల లోపే మార్చు, తీసిన ఫిల్టర్‌ని పారెయ్యకు, రేకు కోసి కాగితం మడతలు విప్పి ఎండలో పెట్టి చూడు. మెరిస్తే బండి ఆపు. డ్రైవర్ ఫోన్ చేసి ముల్లు పడుతోందంటే, ఎక్కడున్నా సరే, లోడ్ ఎవరిదైనా సరే, ఆపమను. సర్దుకుంటుంది అనే మాట నీ నోట రాకూడదు.

రేడియేటర్‌లో కూలెంట్ పోయించు. మన హైదరాబాద్ బోరు నీళ్లు పోస్తే లోపల ఉప్పు గార కట్టి ఇంజన్ ఉడుకుతుంది, బోరు నీళ్లతోనే సగం ఇంజన్లు బోరుకొస్తాయని మా ఉస్తాద్ అనేవాడు.

పాత పార్టులన్నీ గోనెసంచిలో వేసి ఇంటికి తెచ్చుకో. కూలి మూడు విడతలుగా ఇవ్వు, చివరిది బండి లోడ్‌తో ఒక ట్రిప్పు వచ్చాక. మేస్త్రీని మర్యాదగా పిలువు, పొద్దున పది గంటలకి టీ నువ్వే చెప్పు. ఆడపిల్లవని నీతో కాకుండా నీ పక్కనున్న మగాడితో మాట్లాడతారు, మాట్లాడనీ, బిల్లు మాత్రం నీ చేతికే రావాలి.

మీ నాన్నని కూడా షెడ్‌కి తీసుకురా. మోకాళ్లు బాగాలేవని ఇంట్లో కూర్చోబెట్టకు, కుర్చీ వేయిస్తే చాలు, చెవులు ఇంకా బాగానే ఉన్నాయి, ఇంజన్ చప్పుడు ఆయన విన్నట్టు నేను కూడా వినలేను. శనివారం పొద్దున్నే ఎల్బీనగర్ నుంచి బస్సెక్కి వచ్చేస్తా, నేను వచ్చేదాకా ఒక్క బోల్టు విప్పనివ్వకు. దుకాణం సంగతి ఆయనకి ఆ రోజు నేనే చెప్తాను, నువ్వు ముందు చెప్పకు.

కొనాల్సిన వాటి లిస్టులో ఆయిల్ కూలర్ రాయకు. అది నేను తెస్తా, రాణిగంజ్‌లో ఆ దుకాణం నుంచే.

మీ పెద్దనాన్న