ఓడ రాని వారాల్లో ఫిట్స్ మాత్రలు

ప్రశ్న: నమస్కారం సార్. మాది శ్రీకాకుళం జిల్లా నుంచి అండమాన్ వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబం. లిటిల్ అండమాన్‌లో హట్ బే దగ్గర ఉంటున్నాం. మా ఆయనకి ఫిట్స్. సోడియం వాల్‌ప్రొయేట్ మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వాడుతున్నారు. రెండేళ్ళుగా ఫిట్స్ రాలేదు. మొన్న జూలైలో ఇక్కడి షాపులో ఆ మాత్రలు అయిపోయాయి. గాలివానకి ఓడ కూడా రద్దయింది. ఉన్నవే నాలుగు రోజులు ఎక్కువ వస్తాయని రోజుకి ఒక్కటే ఇచ్చాను. ఆరో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చింది. నా వల్లే అయిందని నిద్ర పట్టడం లేదు. మళ్ళీ ఇలా జరగకుండా ఏం చేయాలి?
- ఒక సోదరి, హట్ బే

జవాబు: అమ్మా, ముందు ఆ బాధ దించుకోండి. నేను ఆ దీవుల్లో పదకొండేళ్ళు ఫార్మసిస్టుగా పనిచేశాను. వానాకాలంలో కౌంటర్ ముందు నిలబడి మీలాగే చెప్పినవాళ్ళు ఎందరో. బియ్యం తక్కువైతే గంజి కాచుకుని రోజులు నెట్టుకొస్తాం కదా, మందు దగ్గరా మనసు అలాగే ఆలోచిస్తుంది. కానీ ఫిట్స్ మందు రక్తంలో ఒక మోతాదులో నిలబడి ఉండాలి. సగానికి తగ్గించినా, ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఈసారి మందు తగ్గుతోందనిపిస్తే, ఇంకా పది రోజులకి సరిపడా చేతిలో ఉండగానే అక్కడి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి చెప్పండి. ఆ మందు లేకపోతే బదులు ఏది వాడాలో డాక్టరే నిర్ణయించాలి.

ఇక లెక్క మార్చండి. మెయిన్‌ల్యాండ్‌లో మందు అయిపోయాక షాపుకి వెళ్తారు. మీరు ఇంట్లో ముప్ఫై రోజుల మందు మిగిలి ఉండగానే కొత్తది తెప్పించాలి. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) వెళ్ళినప్పుడు డాక్టరుతో 'ఓడ మీద నమ్మకం లేదండీ, మూడు నెలలకి రాయండి' అని నోరు తెరిచి అడగండి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ తర్వాత డిసెంబరు దాకా తుపాన్ల భయం. అందుకే ఏప్రిల్‌లోనే ఇల్లు నింపుకోండి.

ప్రతిసారీ ఓడ ఎక్కనక్కర్లేదు. ప్రభుత్వం నడిపే ఈ-సంజీవనిలో డాక్టరుతో ఉచితంగా మాట్లాడొచ్చు. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మీ దీవికీ వచ్చింది కదా, వీడియో కాల్ పట్టుకోవచ్చు. పాత చీటీ దగ్గర పెట్టుకోండి. అయితే చీటీ ఫోన్లో వచ్చినంత తేలిగ్గా మాత్రలు రావు. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో మన తెలుగువాళ్ళు బోలెడంతమంది, మీకూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ళకి చీటీ ఫొటో పంపి మందు కొనిపించి, ఓడలో వచ్చే తెలిసినవాళ్ళ చేతికి ఇప్పించండి. చీటీలో మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, మామూలు మాత్రా 'సీఆర్' మాత్రా అన్నది స్పష్టంగా ఉండాలి. సీఆర్ నెమ్మదిగా కరిగే రకం, ఒకదాని బదులు ఇంకోటి వేయకూడదు. షాపువాళ్ళు వేరే కంపెనీది ఇస్తే డాక్టరుకి చెప్పాకే మొదలుపెట్టండి.

మీరు అడగలేదు కానీ ఇది చెప్పి తీరాలి. వాల్‌ప్రొయేట్ మాత్రలు తేమని పీల్చేస్తాయి. ఒకావిడ నెల మందంతా అట్టల్లోంచి తీసి స్టీలు డబ్బాలో పోసి తెచ్చి చూపించింది. మాత్రలు ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని, వేలికి జిగురుగా తగిలాయి. అన్నీ పారేయించాను. మీ గాలిలో ఎప్పుడూ తేమే. వేసుకునే నిమిషందాకా మాత్రని అట్టలోంచి తీయొద్దు. అట్టని కత్తిరించేటప్పుడు కూడా రేకు చిరగకుండా చూడండి. పొయ్యి గట్టు మీద కాకుండా ఎత్తుగా, నీడపట్టున, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టండి. రెండు రోజుల మందు విడిగా, నీళ్ళు చొరబడని చిన్న డబ్బాలో వేటకెళ్ళే సంచిలో ఉంచండి. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు. తర్వాతి పూట దగ్గరపడితే వదిలేయాలి, రెండూ కలిపి వేయకూడదు.

ఫిట్స్ వస్తే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, తాళాల గుత్తి చేతిలో పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మొన్నటి ఫిట్స్ సంగతి, రోజుకి ఒక్క మాత్రే వేసిన ఆరు రోజుల సంగతి దాచకుండా డాక్టరుకి చెప్పండి. ఆయన సరేననే దాకా మీవారిని డింగీ మీద వేటకి పంపకండి, తోడు ఉన్నా సరే.