అరవై దాటిన అమ్మానాన్నలతో సలేశ్వరం జలపాతానికి నడిచి వెళ్ళగలమా?

ఈ చైత్ర పౌర్ణమికి అమ్మానాన్నలను సలేశ్వరం తీసుకెళ్ళాలనుకుంటున్నారు, నడక ఎంత కష్టం, జలపాతం దగ్గర కాసేపు ప్రశాంతంగా కూర్చోవచ్చా అని అడిగారు. నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఇంటర్ పరీక్షలు అయిపోయిన వేసవిలో స్నేహితులతో. ఆ వయసులో కొండ ఎక్కామో, దిగామో కూడా గుర్తుండదు. రెండోసారి మా మామగారితో వెళ్ళాను, అప్పటికి ఆయనకు అరవై మూడేళ్ళు. మీకు పనికొచ్చేది ఆ ప్రయాణమే.

ముందు ప్రశాంతత సంగతి. అది దొరకదు. నల్లమలలో ఇంత లోపల దాక్కున్న జలపాతాన్ని నేను మరొకటి చూడలేదు, ఇంత జనం మధ్య నిలబడి చూసిన జలపాతమూ మరొకటి లేదు. ఆ చోటు ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో. ఏడాదంతా అటు ఎవరినీ పోనివ్వరు. చైత్ర పౌర్ణమి జాతరకు మాత్రం, ఈమధ్య 3 రోజులే, దారి తెరుస్తారు. ఏడాదికి సరిపడా జనం ఆ 3 రోజుల్లోనే వస్తారు. ఏకాంతమే కావాలంటే వానలు తగ్గాక, సెలవు కాని రోజు చూసుకుని మల్లెలతీర్థం వెళ్ళండి. శ్రీశైలం దారిలోనే వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరగాలి, మూడు వందలకు పైగా మెట్లు దిగితే చాలు. వేసవిలో అక్కడ నీళ్ళుండవు, సలేశ్వరంలో ఉంటాయి. తేడా అదే.

అయినా సలేశ్వరమే అంటే చెబుతాను. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రహదారిలో మన్ననూరు దాటాక ఫరహాబాద్ చెక్‌పోస్టు వస్తుంది. అడవిలోని ఆ రహదారిని మామూలుగా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంచుతారు. అందుకని మేము ముందురోజు అచ్చంపేటలో పడుకుని, తెల్లవారకముందే బయలుదేరి వాహనాల వరుసలో నిలబడ్డాం. చెక్‌పోస్టు నుంచి మట్టిదారిలో రాంపూర్ పెంట వైపు వెళ్ళాలి. మా మామగారిది తెనాలి. బోర్డు మీద 'పెంట' చూసి "ఊరికి ఇదేం పేరయ్యా!" అని నవ్వారు. చెంచులు తమ గూడేన్ని పెంట అంటారని, ఈ అడవంతా అలాంటి పేర్లేనని చెప్పాక, తిరిగి వచ్చేదాకా కనిపించిన ప్రతి గుడిసెనూ పెంటేనా అని అడుగుతూనే ఉన్నారు.

వాహనాలు ఆగిన చోటి నుంచి నడక సుమారు 5 కిలోమీటర్లు. మొదటి భాగం చదునుగా ఉంటుంది, చెట్ల కింద ఇప్పపూలు రాలి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. అక్కడ అందరూ హుషారుగా నడుస్తారు, మీరూ నడుస్తారు. అదే మోసం. తర్వాత లోయలోకి దిగాలి. మెట్లు లేవు. జనం నడిచి నడిచి అరగదీసిన రాళ్ళు, వాటి మధ్య వదులు మట్టి. ఒక వైపు కొండ గోడ, మరో వైపు లోయ, మధ్యలో ఇద్దరు ఒత్తిగిలి తప్పుకునేంత దారి.

ఇక్కడ ఒక విషయం భలే పనికొచ్చింది. దిగేవాళ్ళు "వస్తున్నాం వస్తున్నాం లింగమయ్యా" అని అరుస్తారు, తిరిగి వచ్చేవాళ్ళు "పోతున్నాం పోతున్నాం లింగమయ్యా" అంటారు. లింగమయ్య అంటే అక్కడి శివుడు. మలుపు అవతల ఎవరున్నారో కనిపించదు గానీ కేక వినిపిస్తుంది. "పోతున్నాం" అని వినబడగానే మేము కొండ గోడకు ఆనుకుని నిలబడేవాళ్ళం. మామగారిని ఎప్పుడూ గోడ వైపే నడిపించాను. మీరూ అలాగే చేయండి. ఎదురుగా వచ్చేవాళ్ళు ఎంత తోసినా లోయ వైపుకు మాత్రం జరగకండి. 2023 జాతరలో భక్తులు చనిపోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. భయపెట్టాలని చెప్పడం లేదు, మధ్యాహ్నం రద్దీలో అక్కడ ఉండవద్దని చెబుతున్నాను.

లోయ అడుగుకు చేరగానే ఎండ మాయమవుతుంది. రెండు పక్కలా కొండ నిలువుగా లేచి, పైన ఆకాశం సన్నని పీలికలా మిగులుతుంది. ఎత్తున రాతి అంచుకు తేనెపట్లు వేలాడుతుంటాయి. నీటి ధార లావుగా ఉండదు, ఏప్రిల్ కదా. పైనుంచి తాడులా మొదలై, సగం దారిలో గాలికి చీలి, కిందకు వచ్చేసరికి విడివిడి చినుకులవుతుంది. చినుకులే కదా అని తల పెట్టారా, మాడు మీద ఎవరో గులకరాళ్ళు విసిరినట్టు ఉంటుంది. ఆ చల్లదనానికి మామగారు ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని, కళ్ళు మూసుకుని, కదలకుండా నిలబడిపోయారు. వెనక నుంచి జనం "జరగండి పెద్దాయనా" అంటున్నా వినిపించుకోలేదు. ప్రశాంతత అని మీరన్నది ఉంటే, ఆ అర నిమిషమే.

ధార పడే గుండం దగ్గర రాళ్ళ మీద జాగ్రత్త. కొబ్బరినీళ్ళు, పసుపు, తడి కాళ్ళు కలిసి పాకుడును మించిపోతాయి. గుహలో లింగమయ్యకు పూజ చేసేది చెంచులే. దర్శనం కాగానే ఆలస్యం చేయకుండా బయలుదేరండి.

ఎందుకంటే అసలు నడక అప్పుడు మొదలవుతుంది. దిగిన కొండే ఎక్కాలి, పైగా ఎండలో. రాళ్ళు కాలి సెగ మొహానికి కొడుతుంది. దిగేటప్పుడు గంటన్నర పట్టినది ఎక్కేటప్పుడు మాకు మూడు గంటలు పట్టింది. మధ్యలో మామగారి తొడలు వణకడం మొదలైంది. ఇరవై అడుగులు నడవడం, కూర్చోవడం. నెత్తిన మూట పెట్టుకుని, ఒట్టి కాళ్ళతో, ఆయన కంటే పెద్దావిడ ఒకామె మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళి, ఆగి, తన చేతికర్ర ఆయనకు ఇచ్చి వెళ్ళిపోయింది. ఆ కర్ర లేకపోతే ఏమయ్యేదో. మీరు రెండు కర్రలు ముందే సంపాదించుకోండి.

కాబట్టి నా మాట: మీ నాన్నగారు రోజూ గంట నడిచేవారైతే తీసుకెళ్ళండి. మోకాళ్ళ నొప్పులని రాశారు కనుక అమ్మగారిని మాత్రం దింపకండి. దిగడం ఎలాగో దిగుతారు, మోసుకుని పైకి తేవడానికి డోలీలు నాకెక్కడా కనబడలేదు. ఫోను కూడా పలకదు, ముందే కలుసుకునే చోటు అనుకోండి. గుండె జబ్బుంటే ఎవరూ వద్దు. దారిలో సేవాసమితుల వాళ్ళు నీళ్ళు, పులిహోర పెడతారు గానీ వాటి మీదే ఆధారపడకండి. మనిషికి 3 లీటర్ల నీళ్ళు, అదీ స్టీలు సీసాల్లో, ప్లాస్టిక్‌ను ఇప్పుడు లోపలికి రానివ్వడం లేదు. అందులో సగం పైగా ఎక్కేటప్పటికి దాచండి.

మేము దాచలేదు. సగం కొండలోనే నీళ్ళు అయిపోయాయి. అత్తగారి కోసం గుండం నుంచి భక్తిగా పట్టుకున్న తీర్థం సీసా ఒక్కటే మిగిలింది. మామగారు దాన్ని రెండుసార్లు కళ్ళకద్దుకుని, మూడోసారి మూత తీశారు. ఇంటికి వచ్చాక తీర్థం ఏదని అత్తగారు అడిగితే, ఆయన మాట్లాడకుండా పొట్ట చూపించారు.