గీజర్‌లో లైటు వెలుగుతోంది, షవర్‌లో మాత్రం చన్నీళ్లే

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. 15 లీటర్ల గీజర్ ఉంది. వాష్ బేసిన్ దగ్గర వేడినీళ్ల పంపు తిప్పితే చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. షవర్ కింద మాత్రం గోరువెచ్చగానే ఉంటాయి. హ్యాండిల్ పూర్తిగా వేడి వైపు తిప్పినా అంతే. మెకానిక్ ముందు థర్మోస్టాట్ (నీళ్లు కాగగానే కరెంటు ఆపేది) మార్చాడు, తర్వాత కాయిల్ మార్చాడు. ఏమీ తేడా లేదు. నీళ్లు సన్నగా వస్తున్నాయని ఆమధ్య మేడ మీద ప్రెషర్ పంపు పెట్టించాం. ఇక గీజరే మార్చేయాలా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గీజర్ మార్చకండమ్మా. బేసిన్ దగ్గర కాలే నీళ్లు వస్తున్నాయంటే కాయిల్, థర్మోస్టాట్ రెండూ బాగున్నట్టే. వాటిమీద చెయ్యి వేసేముందు మెకానిక్ బేసిన్ పంపు ఒక్కసారి తిప్పి చూసుంటే మీకు ఆ ఖర్చు తప్పేది. నీళ్లు గీజర్‌లో బాగానే కాగుతున్నాయి. షవర్ డైవర్టర్ (గోడలో వేడి, చన్నీళ్లను కలిపే హ్యాండిల్ ఉన్న భాగం) దగ్గరికి వచ్చేసరికి వాటిలో చన్నీళ్లు కలుస్తున్నాయి.

ఈ మాట నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. ముందు గీజర్ స్విచ్ ఆపండి. గీజర్ అడుగున నీలం గుర్తున్న పైపు చన్నీళ్లు లోపలికి వెళ్లేది, ఎర్ర గుర్తున్నది వేడినీళ్లు బయటికి వచ్చేది. నీలం వైపున్న యాంగిల్ కాక్ (నీళ్లు ఆపే చిన్న కుళాయి) గట్టిగా కట్టేయండి. ఇప్పుడు హ్యాండిల్ పూర్తిగా వేడి వైపు పెట్టి షవర్ తిప్పండి. గీజర్‌లోకి నీళ్లు వెళ్లడం ఆగింది కాబట్టి అందులోంచి బయటికీ రావు. పైపులో మిగిలినవి కాసేపు కారి ఆగిపోవాలి. అలా ఆగకుండా ధార కొనసాగితే అవి గీజర్ నీళ్లు కావు, డైవర్టర్‌లోంచి ఇటు దాటుతున్న చన్నీళ్లు.

కారణం చాలాసార్లు డైవర్టర్ లోపలి కార్ట్రిడ్జ్. అందులో ఒకదానిమీద ఒకటి జరిగే రెండు సిరామిక్ బిళ్లలు, కింద రబ్బరు సీళ్లు ఉంటాయి. ట్యాంకు అడుగునుంచి వచ్చిన ఇసుక రేణువు బిళ్లల మధ్య చిక్కుకున్నా, సీలు అరిగినా, హ్యాండిల్ ఎంత తిప్పినా చన్నీళ్ల దారి పూర్తిగా మూసుకోదు. ట్యాంకు ఎత్తునుంచి మామూలుగా దిగే నీళ్లయితే ఈ లీకు తెలియకుండా గడిచిపోతుంది. ప్రెషర్ పంపు వచ్చాక చన్నీళ్ల ఒత్తిడి పెరిగి అదే సందులోంచి జోరుగా దూరుతాయి. అందుకే తేడా పంపు పెట్టించిన తర్వాతే బయటపడి ఉంటుంది.

కార్ట్రిడ్జ్ మార్చాలంటే ముందు ఆ బాత్రూమ్‌కు నీళ్లొచ్చే గేట్ వాల్వ్ కట్టేయాలి. గోడలో డైవర్టర్ పక్కనే మూసే కాక్‌లు ఉంటే అవి మూసినా చాలు. షవర్ తిప్పి లైన్లో మిగిలిన నీళ్లు వదిలేయండి. హ్యాండిల్ మీద ఎర్ర, నీలం చుక్కలున్న చిన్న మూత తీస్తే అలెన్ కీతో తిప్పే మర కనిపిస్తుంది. అది వదులు చేస్తే హ్యాండిల్ వస్తుంది. లోపలి రింగు విప్పితే కార్ట్రిడ్జ్ చేతికి వస్తుంది. దాన్ని షాపుకు తీసుకెళ్లి పక్కన పెట్టి చూసుకుని కొనండి. 35 మిల్లీమీటర్లు, 40 మిల్లీమీటర్ల సైజులు పైకి ఒకేలా కనిపిస్తాయి, ఒకదాని బదులు ఇంకొకటి పట్టదు. కొత్తది బిగించేముందు గుంటలో గుడ్డతో తుడవండి. అక్కడ ఒక్క ఇసుక రేణువు మిగిలినా మళ్లీ మొదటికొస్తుంది.

కార్ట్రిడ్జ్ మార్చాక హ్యాండిల్ పూర్తిగా వేడి వైపు పెడితే బాగుండి, కాస్త మధ్యకు తేగానే చల్లబడిపోతుంటే సమస్య రెండు లైన్ల ఒత్తిడి తేడాలో ఉంది. పంపును చన్నీళ్ల లైనుకే కలిపి, గీజర్‌ను పాత ట్యాంకు లైను మీదే వదిలేయడం చాలా ఇళ్లలో చూస్తాం. ప్లంబర్‌తో గీజర్ ఇన్‌లెట్‌ను (చన్నీళ్లు లోపలికి వెళ్లే పైపును) కూడా పంపు లైనుకే కలిపించండి. గీజర్ మీద అంటించిన పట్టీలో అది ఎంత ఒత్తిడి తట్టుకోగలదో రాసి ఉంటుంది, సాధారణంగా 6.5 లేదా 8 బార్. ఇళ్ల పంపులు మామూలుగా ఇచ్చే 1–2 బార్‌తో దానికేమీ కాదు.

ఒక అలవాటు కూడా గమనించండి. చేతిషవర్ ఉంటే చాలామంది డైవర్టర్ తెరిచే ఉంచి షవర్ మీది బటన్‌తో నీళ్లు ఆపుతారు. అలా వదిలేస్తే వేడి, చన్నీళ్ల లైన్లు రెండూ లోపల కలిసే ఉంటాయి. ఒత్తిడి ఎక్కువున్న చన్నీళ్లు వేడినీళ్ల లైన్లోకి ఎక్కి, పక్క బాత్రూమ్‌లో కూడా నీళ్లు చల్లబడతాయి. ఎప్పుడూ డైవర్టర్ దగ్గరే కట్టాలి.

ప్రశ్న: మాది బోరు నీళ్లు. గీజర్ ఆన్ చేస్తే లోపల గరగరమని శబ్దం, ఏడెనిమిది నిమిషాలకే లైటు ఆరిపోతుంది. నీళ్లు మాత్రం కాగవు. – అనంతపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: అది సున్నపు గార, అంటే బోరు నీళ్లలోని సున్నం కాయిల్ మీద గట్టిపడ్డ పొర. గార పట్టిన కాయిల్ నీళ్లను నెమ్మదిగా కాస్తుందని అందరూ అనుకుంటారు గానీ, కాయిల్ లాగే కరెంటు మారదు, ఇచ్చే వేడీ మారదు. థర్మోస్టాట్ గొట్టం కాయిల్ పక్కనే ఉంటుంది. రెండిటి మధ్యా గార గట్టిపడితే ఆ వేడి నేరుగా థర్మోస్టాట్‌కు తగులుతుంది. నీళ్లు ఇంకా చల్లగా ఉండగానే కాగాయనుకుని అది కరెంటు ఆపేస్తుంది. 2000 వాట్ల గీజర్‌లో 15 లీటర్లు 25 డిగ్రీలనుంచి 60 డిగ్రీలకు రావాలంటే సుమారు 18 నిమిషాలు పట్టాలి. ఏడెనిమిది నిమిషాలకే ఆగిందంటే మోసపోతున్నది థర్మోస్టాటే. గరగర శబ్దం గార కింద చిక్కిన నీళ్లు మరిగి, ఆవిరి బుడగలు పగలడం వల్ల వస్తుంది.

సర్వీసు వాళ్లతో గీజర్ విప్పించండి. మెయిన్ ఆపి, నీళ్లన్నీ వదిలేసి, అడుగున ఉన్న ఫ్లాంజ్ (కాయిల్ బిగించిన పళ్లెం) బోల్టులు తీస్తే కాయిల్ బయటికి వస్తుంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి కాయిల్‌ను గంట, రెండు గంటలు నానబెడితే గార మెత్తబడి ఊడుతుంది. వైర్లు బిగించే పైభాగం మాత్రం తడవకూడదు. కత్తితో గీకొద్దు. బాత్రూమ్ కడిగే యాసిడ్ అసలే వద్దు, అది కాయిల్ పైతొడుగును తినేస్తుంది. ట్యాంకు అడుగున పడ్డ పెచ్చులు కూడా బయటికి తీయించండి. పక్కనే మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోవడమే దాని పని. లోపలి ఇనుప తీగ కనిపించేదాకా కరిగిపోయి ఉంటే కొత్తది వేయించండి. ఫ్లాంజ్ గాస్కెట్ పాతదే తిరిగి పెట్టనివ్వకండి, కారుతుంది. మీ నీళ్లకు ఈ పని ఏడాదికోసారి తప్పదు. నాబ్ చివరిదాకా తిప్పకుండా 55 డిగ్రీల దగ్గర ఉంచితే గార పట్టడం తగ్గుతుంది.

లైటు వెలుగుతూనే ఉండి నీళ్లు ఆలస్యంగా కాగుతుంటే అది వేరే కథ. అప్పుడు ముందు వోల్టేజీ చూడండి. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లిచ్చే కాయిల్ 180 వోల్టుల దగ్గర 1,225 వాట్లే ఇస్తుంది. 18 నిమిషాల పని అరగంటవుతుంది.

ప్రశ్న: మేం అద్దె ఇంట్లో 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ పెట్టుకున్నాం, 3000 వాట్లు. పెద్ద పళ్లెంలాంటి షవర్. మొదట వేడిగా వచ్చి నిమిషం లోపే చల్లబడుతుంది. – విజయవాడ

జవాబు: గీజర్‌లో లోపమేమీ లేదు, ఆ షవర్‌కు అది చాలదు. అలాంటి షవర్ నిమిషానికి 9 లీటర్ల దాకా వదులుతుంది. లోపల నిలవున్న 3 లీటర్లు అయిపోగానే 3000 వాట్లు ఆ ధారను 5 డిగ్రీలకు మించి పెంచలేవు. అదే నిమిషానికి 3 లీటర్ల సన్నటి ధార అయితే 14 డిగ్రీలు పెరుగుతుంది. బకెట్‌లోకి సన్నగా పట్టుకుంటే ఈ గీజర్ చక్కగా పనికొస్తుంది. షవరే కావాలంటే కనీసం 15 లీటర్ల స్టోరేజ్ గీజర్ తీసుకోవాలి.

ప్రశ్న: మా గ్యాస్ గీజర్ బకెట్ పంపు తిప్పితే వెంటనే అంటుకుంటుంది. షవర్ తిప్పితే టకటక కూడా అనదు. గీజర్ బాత్రూమ్ లోపలే, తలుపు పక్కన ఉంది. – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: నీళ్లు తగినంత వేగంగా పారితేనే లోపలి రబ్బరు డయాఫ్రమ్ కదిలి స్విచ్ పడుతుంది, అప్పుడే నిప్పురవ్వ వస్తుంది. బకెట్ పంపుకు అంటుకుంటోంది కాబట్టి బ్యాటరీలు బాగున్నాయి. షవర్ తల రంధ్రాలు గారతో పూడి ఉంటాయి. తల విప్పి రాత్రంతా వెనిగర్‌లో ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. గీజర్ ఇన్‌లెట్ దగ్గర చిన్న జల్లెడ ఉంటుంది, అదీ కడగండి. ఇంతచేసినా అంటుకోకపోతే షవర్‌కు, ట్యాంకుకు మధ్య ఎత్తు చాలడం లేదు.

కానీ షవర్ సంగతి తర్వాత. ఆ గీజర్‌ను ముందు బాత్రూమ్‌లోంచి బయటికి తీయించండి, అప్పటిదాకా వాడకండి. మూసిన చిన్న గదిలో గ్యాస్ మండితే ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల తిరుగుతోందని తెలిసేలోపే మనిషి పడిపోవచ్చు, తలుపు గడియ తీసే శక్తి కూడా ఉండదు. వెంటిలేటర్ ఉందిలే, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిలే అని సరిపెట్టుకోవద్దు. గీజర్‌ను బయటి గోడకు, గాలి ఆడేచోట, వాన పడకుండా బిగించి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి రానివ్వాలి. ఆ పైపు వేడిని తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్‌దై ఉండాలి. చన్నీళ్లకు వేసే మామూలు పీవీసీ పైపు వేడికి మెత్తబడి జాయింట్ల దగ్గర ఊడుతుంది.