అయస్కాంతం జారిపోయే చోటు

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

రెండు పాత స్పోర్ట్స్ కార్లను పోల్చిన నీ వ్యాసం నిన్న సాయంత్రం చదివాను. నిస్సాన్ స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్, బీఎండబ్ల్యూ ఎం3 సీఎస్ఎల్. జత బాగా కుదిరింది. కానీ మూడో పేజీకే ఒకదానికి ఎనిమిది మార్కులు, ఇంకోదానికి ఏడున్నర వేసేశావు. ఆ అర మార్కు ఎక్కడ పోయిందో నాకు అంతుబట్టలేదు. నీకూ తెలిసుండదులే.

రెండిట్లోనూ ఒకే వరుసలో ఆరు సిలిండర్లు. వ్యాసం మొదలెట్టాల్సింది అక్కడ. నువ్వేమో దాన్ని పట్టికలో ఓ మూల పడేశావు. ఒకే రకం ఇంజన్‌తో జపాన్ వాళ్లేం చేశారు, జర్మనీ వాళ్లేం చేశారు? 1999లో వచ్చిన ఆర్34ది 2.6 లీటర్ల ఇంజన్, అందులోకి అదనంగా గాలి తోసే టర్బోలు రెండు, నాలుగు చక్రాలకీ బలం. కాగితం మీద మాత్రం 280 హార్స్‌పవరే. అంతకు మించి చెప్పుకోకూడదని అప్పట్లో జపాన్ కంపెనీలు తమలో తాము మాట అనుకున్నాయి. అసలు బలం ఇంకా ఎక్కువని తెలిసీ ఎవరూ పైకి అనేవారు కాదు. మన పెళ్లిచూపుల్లో జీతం పెంచి చెబుతారు, వీళ్లు తగ్గించి చెప్పారు! 2003 నాటి సీఎస్ఎల్‌కి టర్బో లేదు. 3.2 లీటర్లు, 360 హార్స్‌పవర్, బలమంతా వెనక చక్రాలకే. మామూలు ఎం3 మీద 110 కిలోలు దించారు. వెనక అద్దం పలచన చేశారు, ఏసీ, రేడియో అడిగితేనే పెట్టారు.

"అరుదు" అన్న మాట రెండిటికీ ఒకేలా వాడావు. సీఎస్ఎల్‌లు చేసిందే 1,383. ఆర్34ల కథ వేరు. అవి 11 వేలకు పైనే తయారయ్యాయి. అయితే అమెరికాలో 25 ఏళ్లు నిండిన కార్లకే దిగుమతి అడ్డంకులు తొలుగుతాయి, మొదటి ఆర్34లకు ఆ గడువు 2024లో తీరింది. ఇన్నాళ్లూ బయట నిలబడి చూసినవాళ్లు ఒక్కసారిగా కొనడానికి వస్తే ధర ఊరుకుంటుందా?

ఇంజన్ శబ్దం గుండెల్లో పిడుగులా మోగిందన్నావు. ఎక్కడ విన్నావురా, బీచ్ రోడ్డులోనా? ఫోన్లో విన్నానని రాసెయ్, తప్పేం లేదు.

ఓసారి పాత కారు కొందామని అల్లిపురంలో డెంటింగ్ షెడ్డుకి పట్టుకెళ్లాను. మేస్త్రి జేబులోంచి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి చక్రం పైన రేకు మీద పెట్టాడు. టక్కున పట్టింది. జానెడు జరిపితే జారి కింద పడింది. "రేకు లేదు బాబూ, లోపలంతా లప్పమే. సముద్రం పక్కన నిలబెట్టిన బండి" అన్నాడు. గోటితో గీరితే తెల్లపొడి రాలింది. అప్పటిదాకా ఆ రంగు చూసి మురిసిపోయినవాణ్ణి నేనే.

ఆర్34కి తుప్పు పట్టే చోటు ముందు చక్రాల సస్పెన్షన్, అంటే కుదుపులు మింగే స్ప్రింగుల అమరిక, దాని పైకొన బిగించిన రేకు. ఆ తరం ఎం3కి వెనక సస్పెన్షన్ బిగించిన అడుగు రేకు చీలుతుంది. నీ వ్యాసంలో ఈ రెండు ముక్కలూ లేవు. కొనేవాడు ముందు వంగి చూసేది అవే కదా. సీఎస్ఎల్ పైకప్పు కార్బన్ ఫైబర్, ఇనుము కాదు, మేస్త్రి అయస్కాంతం అక్కడా జారిపోతుంది. అక్కడ పట్టుకుంటేనే అనుమానించాలి.

పట్టిక తీసేసి మళ్లీ రాయి. ఆదివారం పొద్దున్నే వస్తే అల్లిపురం వెళ్దాం, ఆ మేస్త్రి ఇంకా ఉన్నాడు.

మీ మాస్టారు