అమ్మమ్మ గురించి రాయమంటే చెయ్యి ఆడటం లేదు

ప్రశ్న: ఆంటీ, మా అమ్మమ్మ పోయి నాలుగు నెలలైంది. అమ్మ ఉద్యోగానికి వెళ్లేది, నన్ను పెంచింది ఆవిడే. స్కూల్ నుంచి రాగానే గుమ్మంలోనే బ్యాగ్ అందుకుని, చేత్తో బరువు చూసి, 'ఇవాళ ఎన్ని పుస్తకాలు మోయించారే నీచేత' అనేది. వచ్చే నెల ఆవిడ జ్ఞాపకార్థం బంధువులంతా కలుస్తున్నారు. నాలుగు మాటలు రాసి చదవమని మామయ్య నాకు అప్పజెప్పాడు. 'భక్తురాలు, మంచి ఇల్లాలు, అందరికోసం బతికింది' దగ్గర ఆగిపోతున్నాను. ఆవిడకి చదువు మధ్యలో మాన్పించారన్న బాధ చివరిదాకా ఉండేది, అది రాస్తానంటే 'ఇప్పుడవన్నీ ఎందుకు' అన్నాడు మామయ్య. పైగా దేవుడి మీద ఆవిడకున్న నమ్మకం నాకు లేదు, ఆ భక్తి గురించి నేను చెబితే నటన కాదా? ఆవిడ ప్రార్థనలో తలుచుకునేవాళ్ల పేర్లు రాసుకున్న నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. నా పేరు పక్కన 'పరీక్ష' అని రాసి కొట్టేసింది, 'ఉద్యోగం' అని రాసి కొట్టేసింది, చివర 'నిద్ర' అని ఉంది. ఆరేళ్లు మాటల్లేని పక్కింటావిడ పేరు కూడా ఉంది. పోయే ముందు రోజు రాత్రి ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉండి కట్ చేశాను, తిరిగి చేయలేదు. ఎవరితో చెప్పుకున్నా 'ఎనభై రెండేళ్లు బతికింది, ఇంకేం కావాలి' అంటున్నారు. తాతయ్య అసలు మాట్లాడటం మానేశాడు. నోట్‌బుక్ తెరిస్తే నాకు ఏడుపు ఆగదు. ఇది డిప్రెషనా?

జవాబు: ఆంటీ అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా.

ముందు ఫోన్ సంగతి. ఉత్తరంలో ఎక్కడో చివర రెండు ముక్కల్లో చెప్పేసి పక్క విషయంలోకి దూకేశావు గానీ, నీ చెయ్యి ఆడనివ్వంది అసలు అదేనేమో అనిపించింది నాకు. ఇన్నేళ్లలో ఆవిడ ఫోన్ ఎన్నిసార్లు కట్ చేసుంటావు? ఆవిడ మాత్రం, పొయ్యి మీద ఏదో మాడుతోందనో, ఎవరో వచ్చారనో నీ మాట సగంలో ఉండగానే పెట్టేసిన రోజులు లేవూ? రేపు మాట్లాడొచ్చులే అనుకునేంత చనువు ఉన్నవాళ్ల ఫోనే మనం కట్ చేస్తాం, మేనేజర్ ఫోన్ కట్ చేయం కదా. అన్నిసార్లలో అదీ ఒకటి, కాకపోతే మర్నాడు ఆవిడ లేకపోయేసరికి అదే ఆఖరిది అయి కూర్చుంది. బాధపడొద్దని చెప్పను, చెప్పినా ఆగదు, పదేళ్ల తర్వాత కూడా ఏదో మీటింగ్‌లో ఫోన్ మోగితే గుర్తొస్తుంది. కానీ నీలో నువ్వే పెట్టుకుని తిరక్కు. అమ్మకి చెప్పు. ఆవిడ దగ్గర కూడా ఇలాంటిదే ఒకటి ఉండే ఉంటుంది. తల్లి పోయిన మనిషి ఆవిడ, ఏర్పాట్ల గురించి అడిగేవాళ్లే తప్ప ఎలా ఉన్నావని అడిగినవాళ్లు ఉన్నారో లేదో.

ఇక ఎనభై రెండేళ్ల మాట. అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు, ఏమనాలో తెలియక అనేస్తారు. కానీ పోయిన మనిషి వయసుకీ ఉన్న మనిషి ఏడుపుకీ లంకె ఏంటి? నువ్వు పుట్టినప్పటి నుంచి ఆవిడ లేని రోజు నీకు తెలీదు, నాలుగు నెలల కిందటే మొదటిసారి తెలిసింది. కెన్నెత్ డోకా అని అమెరికాలో దుఃఖం మీద పనిచేసిన ఆయన 1989లోనే ఈ సంగతి రాశాడు: చుట్టూ ఉన్నవాళ్లు ఇది అంత ఏడవాల్సిన విషయం కాదని తేల్చేస్తే, ఆ మనిషికి ఏడవడానికి చోటే లేకుండా పోతుందని. నీకు జరుగుతున్నది అదే.

డిప్రెషనా అన్నావు. నోట్‌బుక్ తెరిస్తే ఏడుపు రావడం జబ్బు కాదమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న జబ్బుల జాబితాలో ఎంతకీ తగ్గని దుఃఖం అనేది చేర్చారు, కానీ కనీసం ఆరు నెలలు దాటి, రోజువారీ బతుకు సాగనంతగా పట్టుకుంటేనే దాన్ని అలా లెక్కేస్తారు. అమెరికా మానసిక వైద్యులైతే పెద్దవాళ్ల విషయంలో ఏడాది దాటాలంటారు. అలాగే దుఃఖానికి ఐదు దశలని ఎక్కడో చదివి, నేను ఎన్నో దశలో ఉన్నానా అని లెక్కలు వేసుకోకు. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో ఆ ఐదూ చెప్పింది తామే చావుకి దగ్గరైన రోగులను చూసి, వెనక మిగిలిన వాళ్లకి వాటిని అంటగట్టింది తర్వాత. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, నిద్ర, తిండి పూర్తిగా చెడినా, పనికి వెళ్లలేకపోయినా, నేనూ పోతే బాగుండు అనిపించినా ఈ నెలల లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌ దగ్గరికి వెళ్లు.

ఇప్పుడు రాయడం గురించి. 'భక్తురాలు, మంచి ఇల్లాలు, అందరికోసం బతికింది.' ఇందులో అబద్ధం లేదు, కానీ మీ అమ్మమ్మా లేదు. మా నాయనమ్మ పోయినప్పుడు నేనూ ఇలాగే ఒక పేజీ నింపి చదివితే, వెనక వరసలో మా అత్తయ్య పక్కావిడతో 'ఇంతకీ ఎవరి గురించి?' అందిట. అప్పుడు ఒళ్లు మండింది గానీ ఆవిడ అన్నది నిజమే. ఈ ఉత్తరంలో నాకు మీ అమ్మమ్మ కనబడింది ఒకే ఒక్క చోట, బ్యాగ్ అందుకుని చేత్తో బరువు చూసిన చోట. అక్కడ మొదలుపెట్టు. ఆవిడ ఎలాంటి మనిషి అని ఆలోచించకు, ఆవిడ ఏం చేస్తుండేది అని ఆలోచించు. నువ్వు స్కూల్ నుంచి వచ్చాక లైటు వేసే వేళదాకా, ఏదో ఒక మామూలు రోజు. అప్పుడు ఆవిడ చేతిలో ఏముంది, కళ్లజోడు ఎక్కడ పెట్టి ఎక్కడ వెతికేది, ఎవర్ని కేకలేసేది, అలసిపోతే ఒప్పుకునేదా లేక నడుం పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడేదా. ఇంట్లో ఉండే ఆడమనిషి పనికి జీతం చీటీ ఉండదు, రిటైర్‌మెంట్ సభ ఉండదు, వచ్చే నెల మీరు పెట్టుకుంటున్న ఆ కూడికే ఆవిడ పనిని ఎవరైనా నలుగురిలో చెప్పే మొదటిసారి అయ్యుంటుంది. అందుకే 'సేవ చేసింది' అని చుట్టచుట్టి వదిలేయకు, ఏ పని, ఎలా, ఎన్నింటికి, అన్నీ చెప్పు. ఆవిడ మొండితనం కూడా ఒకటి రెండు చోట్ల రానివ్వు, విన్నవాళ్లు నవ్వుతారు, నవ్వితేనే ఆవిడ వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది.

నమ్మకం లేకుండా భక్తి గురించి చెప్పడం నటన కాదా అన్నావు. నువ్వు నమ్ముతున్నట్టు రాస్తే నటనే. చూసింది రాస్తే కాదు. 'ఆవిడకున్న నమ్మకం నాకు రాలేదు, కానీ దాని పక్కనే పెరిగాను' అని రాయి, ఎవరూ తప్పు పట్టరు, పట్టినా పట్టనీ. ఆ పైన నోట్‌బుక్ సంగతి చెప్పు. నీకు నిద్ర పట్టట్లేదని ఎప్పుడో నోరు జారి అనుంటావు, ఆవిడ పెన్సిల్ తీసి రాసుకుంది. ఆరేళ్లు మొహం చూడని పక్కింటావిడని రోజూ తలుచుకుంది, మాట్లాడింది మాత్రం లేదు! నాకైతే అక్కడ నవ్వూ వచ్చింది, గొంతుకీ ఏదో అడ్డం పడింది. భక్తి అంటే ఆవిడకి ఏమిటో ఆ పేజీ చెప్పినట్టు నువ్వు గానీ నేను గానీ చెప్పలేం. కాకపోతే జాగ్రత్త, అందులో మిగతావాళ్ల కష్టాలు కూడా ఉంటాయి, అప్పులు, తగాదాలు, జబ్బులు. అవి ఆవిడ దేవుడికి చెప్పుకున్నవి, బంధువుల ముందు చదవడానికి కాదు. నీ లైను చదువు. ఇంకొకరిది చదవాలంటే వాళ్లని అడిగి చదువు. పక్కింటావిడకి మాత్రం విడిగా వెళ్లి చూపించొచ్చు, నేనైతే చూపిస్తాను.

చదువు మాన్పించిన సంగతి. మామయ్యకి భయం, తన తల్లి బాధపడింది అంటే ఇంటి మీద నింద వేసినట్టు ఉంటుందని. ఆవిడ ఆ మాట నలుగురిలో అనేదా, నీకొక్కదానికే చెప్పిందా? నలుగురిలో అనేదైతే రాయి, ఎవరు మాన్పించారన్నది అక్కర్లేదు, చదువంటే ఆవిడకెంత ఇష్టమో రాస్తే చాలు. పుస్తకాల బ్యాగ్ బరువు రోజూ చూసే మనిషి గురించి అది చెప్పకపోతే ఇంకేం చెప్తావు. నీకు మాత్రమే చెప్పుంటే నీ దగ్గరే ఉంచుకో.

తాతయ్య గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నాకు అందరికంటే ఆయన గురించే టెన్షన్‌గా ఉంది. బ్రిటన్‌లో నాలుగు వేల మందికి పైగా భార్య పోయిన మగవాళ్లని, యాభై ఐదు దాటినవాళ్లని, గమనించి 1969లో ఒక పరిశోధన అచ్చువేశారు. భార్య పోయిన మొదటి ఆరు నెలల్లో వాళ్లలో మరణాలు మామూలుగా ఉండాల్సిన దానికంటే 40 శాతం ఎక్కువ, చాలావరకు గుండె జబ్బులతోనే. భయపెట్టడానికి కాదు చెప్పడం. ఏ మాత్ర తిండికి ముందో, ఏది తర్వాతో ఆయనకి తెలుసా, లేక ఇన్నేళ్లూ ఆవిడ చేతిలో పెడితే వేసుకున్నాడా? ఈ వారమే మందులు సరిచూడండి, ఒకసారి డాక్టర్‌కి చూపించండి. మాట్లాడమని ఆయన్ని సతాయించొద్దు. పక్కన కూర్చుని రాసుకుంటూ 'తాతయ్యా, అమ్మమ్మ కళ్లజోడు ఎక్కడ పెట్టేది?' లాంటి చిన్న ప్రశ్న వెయ్యి, అలాంటి వాటికి నోరు పెగులుతుంది. పెగలకపోతే ఊరికే కూర్చో.

ఇంకొకటి, ఆ నోట్‌బుక్‌లో మీరెవరూ గుర్తుపట్టని పేరు ఏదైనా ఉందేమో చూడు. ఉంటే అది ఎవరో తాతయ్యనే అడుగు, ఈ ఆదివారమే అడుగు, ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలిసే అవకాశం లేదు.