నీళ్లు వస్తూనే ఉంటాయి, డ్రమ్ము నిండదు

ప్రశ్న: మా ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌ని బాల్కనీలోంచి బాత్రూంలోకి మార్చినప్పటి నుంచీ ఒకటే బాధ అండి. నీళ్లు లోపలికి వస్తూనే ఉంటాయి గానీ డ్రమ్ము నిండదు, అరగంటైనా ఉతకడం మొదలవ్వదు. మెకానిక్ నీళ్లు లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్ మార్చాడు, అయినా అంతే, ఇప్పుడు మెషీన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు మార్చాలంటున్నాడు. డ్రైన్ గొట్టం గోడలో జానెడు ఎత్తున ఉన్న పైపులో పెట్టి, వాసన రాకుండా చుట్టూ సీలెంట్ కొట్టించాం. బోర్డు మార్పించమంటారా?

జవాబు: వద్దండి, బోర్డు జోలికి ఇప్పుడే వెళ్లకండి. జానెడు ఎత్తు, పైగా సీలెంట్ అన్నారు చూశారా, నా అనుమానమంతా అక్కడే. డ్రమ్ములో నీటి మట్టం కంటే గొట్టం చివర కిందకి ఉంటే పంపు తిరక్కపోయినా నీళ్లు వాటంతటవే జారిపోతాయి, పీపాలో ట్యూబు పెట్టి ఒక్కసారి పీల్చి కిందకి వదిలితే నూనె దానంతటదే కారుతూ ఉంటుంది కదా, అచ్చం అలాగే. ఇటు నింపుతుంటే అటు పోతోంది, మెషీన్ పాపం ఇంకా నిండలేదు అనుకుని మళ్లీ వాల్వ్ తెరుస్తోంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. సీలెంట్ తీసేసి గొట్టం బయటికి లాగి, చివర మెషీన్ పైభాగం దాకా ఎత్తి పట్టుకుని ఉతుకు పెట్టండి. ఈసారి డ్రమ్ము నిండి తిరగడం మొదలైతే తప్పు మెషీన్‌ది కాదు, గొట్టం పెట్టిన తీరుది. ఇంకోటి, స్విచ్ ఆపేశాక కూడా నీళ్లు లోపలికి వస్తున్నాయా చూడండి, వస్తుంటే మాత్రం వాల్వ్ మూసుకోవట్లేదని అర్థం.

ప్లంబర్‌తో 2 అంగుళాల పైపు నిలువుగా పెట్టించండి, పై మూతి నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, మీ మోడల్ మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే అదే పాటించండి. గొట్టం 10-15 సెంటీమీటర్లు లోపలికి దింపితే చాలు, చుట్టూ గాలి ఆడాలి, దయచేసి మళ్లీ సీల్ చేయించకండి, ఎత్తు సరిగ్గా ఉన్నా గాలి లేకపోతే పైపులో దిగే నీళ్లు వెనక నీళ్లని లాగేస్తాయి. వాసన ఆపాల్సింది సీలెంట్ కాదు, ఆ పైపు కింద ట్రాప్, అంటే నీళ్లు నిలిచే వంపు, అది లేకపోతే తప్పకుండా వేయించండి. గొట్టాన్ని గోడకి క్లిప్పుతో కట్టేయండి, పంపు ఒక్కసారిగా తోసినప్పుడు ఊడి బయటపడితే ఇల్లంతా నీళ్లే.

ప్రశ్న: మేం పై అంతస్తు, ట్యాంకు మా నెత్తి మీదే ఉంది. మెషీన్‌లోకి నీళ్లు సన్నగా వస్తున్నాయి, ఎందుకండి?

జవాబు: నెత్తి మీద ఉండటమే కారణం కావచ్చండి. ట్యాంకు నీళ్లకి ప్రెషర్ వచ్చేది ఎత్తు వల్లే, 10 మీటర్లకి దాదాపు 1 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత), మీకు రెండు మీటర్లే ఉంటే 0.2 బారే. చాలా మెషీన్లు కనీసం 0.3 బార్ అడుగుతాయి. అయితే ముందు ట్యాప్ కట్టేసి ఇన్‌లెట్ పైపు విప్పి లోపలి చిన్న జాలీని పాత బ్రష్‌తో కడగండి, ఇసుక, తుప్పు పట్టేసి ఉంటాయి. దాంతో తీరకపోతే చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకోవడమే.