టెక్ సందేహాలు: అబ్జార్బర్ మార్చాలా, స్ప్రింగు మార్చాలా?

రేణిగుంట ఎండలో కూర్చుని మంచు మీద నడిచే బండి గురించి రాయడం విడ్డూరమే. కానీ ఈ వారం ఉత్తరాల్లో కొలతలతో సహా వివరంగా రాసినది మినెసోటాలో ఉంటున్న చిత్తూరు పాఠకుడు ఒక్కరే. ఆయనకు పొడవైన జవాబు, మిగతా ముగ్గురికీ పొట్టివి.

ప్రశ్న: మాది చిత్తూరు. ఉద్యోగరీత్యా మినియాపొలిస్ దగ్గర ఉంటున్నాను. పోయిన చలికాలంలో 137 అంగుళాల ట్రాక్ ఉన్న పాత స్నోమొబైల్ కొన్నాను. అప్పటికే 5000 మైళ్లు తిరిగిన బండి. నా బరువు 96 కిలోలు. చలి దుస్తులు, బూట్లు, హెల్మెట్‌తో 105 దాటుతుంది. మధ్యాహ్నానికి దారి అంతా గుంతలు పడిపోతుంది. అప్పుడు బండి వెనక భాగం అడుగంటా దిగి దబ్బున కొడుతోంది. మలుపుల్లో స్కీలు మాట వినడం లేదు. నాలుగు అబ్జార్బర్లూ తీసేసి ఫాక్స్ లేదా ఓలిన్స్ కంపెనీలవి వేయించుకోమని మిత్రులు అంటున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: ప్రస్తుతానికి ఏదీ కొనవద్దు. మీరు రాసినవి రెండు వేర్వేరు జబ్బులు. వెనక భాగం అడుగంటడం ఒకటి, స్కీలు మాట వినకపోవడం మరొకటి. మీ మిత్రులు రెండింటికీ కలిపి ఒకే ఖరీదైన మందు రాసిచ్చారు.

స్నోమొబైల్‌ను చూడని మన పాఠకుల కోసం రెండు ముక్కలు. దీనికి చక్రాలు ఉండవు. ముందు రెండు స్కీలు, వెనక ఇంజన్ తిప్పే రబ్బరు ట్రాక్. ఒక్కో స్కీకి ఒక అబ్జార్బర్. ట్రాక్ లోపల ఒకదాని వెనక ఒకటిగా మరో రెండు. మొత్తం నాలుగు. ట్రాక్ లోపల ముందున్నదాన్ని సెంటర్ షాక్ అని, వెనకదాన్ని రియర్ షాక్ అని పిలుస్తారు. గుంతల దెబ్బలో ఎక్కువ వంతు ఆ వెనకదాని మీదే పడుతుంది.

అబ్జార్బరే మన బరువు మోస్తుందని చాలామంది అనుకుంటారు. మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు కదలికకు కళ్లెం వేయడమే అబ్జార్బర్ పని. బ్యాంకు తలుపు పైన బిగించే డోర్ క్లోజర్‌ను గమనించండి. తలుపును మూసేది లోపలి స్ప్రింగు; ధడాలున కొట్టుకోకుండా ఆపేది ఆయిల్. స్ప్రింగు చచ్చుబడితే ఎంత మేలురకం ఆయిల్ పోసినా ఆ తలుపు మూతపడదు.

మీ తరహా ట్రెయిల్ (మంచు దారి) బండ్లలో చాలావాటికి వెనక బరువు మోసే స్ప్రింగు అసలు అబ్జార్బర్ మీదే ఉండదు. బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ట్రాక్ లోపలికి చూడండి. రెండు పక్కలా వేలి మందం ఉక్కు కడ్డీని చుట్టలు చుట్టినట్టు టార్షన్ స్ప్రింగులు కనిపిస్తాయి. చుట్ట నుంచి వెనక్కి సాగిన పొడవాటి కాలు ఒక పలకల ముక్క మీద ఆనుకుని ఉంటుంది. దాన్ని కామ్ అంటారు. బండితో వచ్చిన పానాతో ఆ కామ్‌ను తిప్పితే మెత్తన, మధ్యస్థం, గట్టి అని మూడు స్థానాలు వస్తాయి. మీకు ముందు ఈ బండి నడిపిన మనిషి 70 కిలోలవాడై దాన్ని మెత్తన స్థానంలో వదిలేసి ఉంటే, మీరు ఓలిన్స్ వేసినా బండి అడుగంటుతూనే ఉంటుంది. బరువు మోసే భాగం మారలేదు కదా!

అందుకే మొదటి పని టేపు పట్టుకోవడం. పక్కన ఒక మనిషి కావాలి. వెనక బంపర్‌ను పట్టుకుని సస్పెన్షన్ పూర్తిగా సాగేదాకా ఎత్తి, ట్రాక్ నేలను తాకుతూ ఉండగా నేల నుంచి బంపర్ దాకా కొలవండి. తర్వాత పూర్తి చలి దుస్తులతో ఎక్కి, రెండు కుదుపులు కుదిపి, మామూలుగా కూర్చోండి. మళ్లీ కొలిపించండి. ఈ రెండింటి తేడాను సాగ్ అంటారు. మొత్తం కదలికలో అది నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉంటే ప్రయోగం మొదలుపెట్టడానికి సరిపోతుంది. వెనక కదలిక 14 అంగుళాలనుకుంటే మూడున్నర నుంచి నాలుగున్నర అంగుళాలన్నమాట. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. కామ్‌ను గట్టి స్థానానికి తిప్పినా ఇంకా ఎక్కువ కుంగుతోందంటే, మీ బరువుకు తగిన గట్టి టార్షన్ స్ప్రింగులు కొనండి. నడిపేవారి బరువును బట్టి వేర్వేరు బలాల్లో అమ్ముతారు. 105 కిలోల లెక్క చెప్పండి, 96 కాదు. కామ్‌ను తిప్పేటప్పుడు రెండు పక్కలా ఒకే స్థానంలో ఉంచడం, వేళ్లను ఆ కాలికి దూరంగా ఉంచడం మరవవద్దు.

ఇక స్కీల సంగతి. బండిని పక్కకు ఒరగబెట్టి స్కీ అడుగున ఉండే కార్బైడ్ పట్టీని వేలితో తడమండి. మంచులో పట్టు ఇచ్చేది ఆ పట్టీ అంచే. అది అరిగి గుండ్రంగా తగిలితే మలుపులో స్కీ జారక ఏం చేస్తుంది? రెండోది లిమిటర్ పట్టీ. ట్రాక్ ముందు భాగం ఎంత కిందికి దిగాలో నిర్ణయించే బెల్టు అది. దాన్ని ఒక రంధ్రం బిగిస్తే స్కీల మీద బరువు పెరిగి మలుపు బాగా తిరుగుతుంది. వదులు చేస్తే ముందు తేలికై, గ్యాస్ ఇచ్చినప్పుడు బరువు వెనక్కి పోతుంది. ఈ రెండూ చూడకుండా ముందు అబ్జార్బర్లు మార్చినవాళ్లు, డబ్బు వదిలించుకుని అదే మలుపులో మళ్లీ జారుతుంటారు.

ఇంతా చేసి కూడా ఉదయం బాగుండి, గంట నడిపాక మెత్తబడిపోతుంటే అప్పుడు అనుమానం ఆయిల్ మీదికి వెళ్లాలి. వేల గుంతల మీద పైకీ కిందికీ ఆడే పిస్టన్ ఆయిల్‌ను వేడెక్కిస్తుంది. వేడెక్కిన ఆయిల్ పలచబడుతుంది. గ్యాసుతో కలిసి నురగ వస్తే అదుపు ఇంకా తగ్గుతుంది. మేలురకం అబ్జార్బర్లలో ఆయిల్‌నూ నైట్రోజన్‌నూ విడదీయడానికి లోపల తేలే పిస్టన్ ఒకటి ఉంటుంది. ఇంకా ఖరీదైనవాటికి పక్కన అదనపు ఆయిల్ గది ఉంటుంది. మీ బండిలో ఉన్నవి విప్పి బాగుచేసే రకమా, మూతి మూసేసిన రకమా చూసుకోండి. విప్పే రకమైతే ఆయిల్, సీళ్లు మార్పించి నైట్రోజన్ నింపిస్తే కొత్తవాటి ధరలో చిన్న వంతుతో పని అయిపోవచ్చు. పట్టుగా నడిపేవాళ్లు దీన్ని సీజన్‌కోసారి చేయిస్తారు. 5000 మైళ్లలో ఒక్కసారీ విప్పలేదంటే లోపల ఉన్నది ఆయిల్ కాదు, మడ్డి. అయితే ఇంట్లో విప్పవద్దు. లోపలి నైట్రోజన్ పీడనం కారు టైరు గాలికి ఎన్నో రెట్లు. స్నోమొబైల్ కంపెనీల్లో పొలారిస్ పుట్టిన రోజో (Roseau) అనే ఊరు, ఆర్కిటిక్ క్యాట్ పుట్టిన థీఫ్ రివర్ ఫాల్స్ రెండూ మీ రాష్ట్రంలోనే ఉన్నాయి. ఈ పని తెలిసిన చేతులకు అక్కడ కొదువ ఉండదు.

మూతి మూసిన రకమైతే, లేదా అబ్జార్బర్ పిస్టన్ కడ్డీ మీద గీతలు పడి ఆయిల్ ఉబుకుతుంటే, అప్పుడు కొత్తవి కొనవచ్చు. నాలుగూ ఒకేసారి కొనాల్సిన అవసరం లేదు. మీ ఫిర్యాదు గుంతల గురించి కాబట్టి మొదట రియర్ షాక్, ఆపైన సెంటర్ షాక్. స్కీలవి చివరికి.

కంపెనీల పేర్ల మీద వాదన నాకు రుచించదు. స్వీడన్ ఓలిన్స్, అమెరికా ఫాక్స్, కెనడా ఎల్కా, జపాన్ కేవైబీ, అందరూ మంచివీ చేస్తారు, మామూలువీ చేస్తారు. మీకు దగ్గర్లో ఎవరి సరుకును విప్పి బాగుచేయగలరో కనుక్కుని దాన్నే తీసుకోండి. అసలు ఎంచుకోవాల్సింది గాలి రకమా, స్ప్రింగు రకమా అన్నది. గాలి రకం తేలిక. చిన్న పంపుతో గట్టిదనం మార్చుకోవచ్చు. కొండల్లో మెత్తటి లోతు మంచులో తిరిగేవాళ్లు అందుకే దాన్ని ఇష్టపడతారు. కానీ గాలికి చలి పడదు. 20 డిగ్రీల వెచ్చటి గ్యారేజీలో 60 పీఎస్‌ఐ నింపిన గాలి, బయట మైనస్ 20లో దాదాపు 50కి పడిపోతుంది. కాబట్టి బండిని బయట చల్లబడనిచ్చాకే గాలి చూడాలి. మీలాగా ట్రెయిళ్ల మీద గంటల తరబడి తిరిగేవాళ్లకు నా ఓటు స్ప్రింగు రకానికే.

సర్దుబాటు మీటల దగ్గర మోజు తగ్గించుకోండి. నొక్కుకునే వేగాన్ని అదుపు చేసేది కంప్రెషన్, తిరిగి సాగే వేగాన్ని అదుపు చేసేది రీబౌండ్. ఫాక్స్ వారి క్యూఎస్3 అనే అబ్జార్బర్‌లో కంప్రెషన్‌కు మూడే స్థానాలు. చేతి తొడుగు తీయకుండా తిప్పవచ్చు. చాలామందికి అది చాలు. రీబౌండ్ మీట కూడా ఉన్నది కొంటే ఒక హెచ్చరిక: దాన్ని మరీ బిగించకండి. వరస గుంతల్లో ఒకదాని నుంచి సాగేలోపే ఇంకోటి తగిలి, అబ్జార్బర్ మెట్టుమెట్టుగా కుంగిపోయి చివరికి అడుగంటుతుంది. స్ప్రింగు మెత్తనైందేమోనని మీరు ఇంకా బిగిస్తారు, అది ఇంకా చెడుతుంది. మార్చే ముందు ఇప్పుడు ఎన్నో క్లిక్కు మీద ఉందో రాసిపెట్టుకోండి. ఒకసారికి ఒక మీట, రెండు క్లిక్కులు, మళ్లీ అదే దారి.

స్కీ-డూ అనే స్నోమొబైళ్ల కొత్త మోడళ్లలో వచ్చిన స్మార్ట్-షాక్స్ వంటివి కంప్యూటరే సర్దుకునే రకాలు. సెన్సార్లు, కంట్రోలర్, వైరింగ్ అన్నీ కలిసి వచ్చే వ్యవస్థ అది. మీ పాత బండికి తగిలించాలని ఆశపడవద్దు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్టయితే బండి మోడల్, తయారైన సంవత్సరం, ట్రాక్ పొడవు మూడూ సరిపోవాలి. రెండు చివర్ల బోల్టు రంధ్రాల మధ్య పొడవు, కదలిక పొడవు, ఆ రంధ్రాల్లో కూర్చునే బుష్ కొలత మీ పాతదానితో పోల్చండి. అర అంగుళం పొడవు ఎక్కువైనా స్కీ కీళ్లు వాటి హద్దు దాటి వంగుతాయి.

ప్రశ్న: మాది పలమనేరు. నా 350 సీసీ బుల్లెట్‌కు వెనక గ్యాస్ అబ్జార్బర్లు, పక్కన చిన్న సిలిండర్ ఉన్నవి, వేయించాను. ఒక్కడినే వెళ్తే పాతవాటికన్నా ఎక్కువ ఎగిరేస్తోంది. ఇంటావిడతో తిరుమల కొండకు వెళ్లినప్పుడు మాత్రం పరవాలేదు. మోసపోయానా?

జవాబు: జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఇద్దరు కూర్చుంటే బాగుందంటే స్ప్రింగు ఇద్దరి బరువుకు బిగించి ఉంది. అడుగున ఉండే ప్రీలోడ్ రింగును (స్ప్రింగు బిగువు మార్చేది) రెండు పక్కలా సమానంగా వదులు చేసి చూడండి. గ్యాస్ అంటే గాలిదిండు కాదు. ఆయిల్ నురగెత్తకుండా ఒత్తి పట్టడమే దాని పని. పక్కనున్న సిలిండర్ సంగతికి వస్తే, కొన్ని చవక రకాల్లో దానికీ లోపలి ఆయిల్‌కూ సంబంధమే ఉండదు, అలంకారం. సీటును గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే ఆయిల్ పనిచేస్తోంది. ఊయలలా ఊగుతూ ఉంటే దుకాణానికి తీసుకెళ్లి గొడవ పెట్టుకోండి. ఇంకొకటి: కొండ దిగేటప్పుడు 1944 నాటి పాత ఘాట్ రోడ్డులో బరువంతా ముందు ఫోర్కుల మీద పడుతుంది. వెనక ఇంత ఖర్చు పెట్టినవారు ముందు ఫోర్క్ ఆయిల్ ఎప్పుడు మార్పించారో గుర్తు చేసుకోండి.

ప్రశ్న: దారి చూసుకోవడానికి ఐఫోన్‌ను బైకు హ్యాండిల్‌కు బిగిస్తాను. ఇప్పుడు ఫొటోలు మసకగా వస్తున్నాయి, కెమెరా తెరిస్తే చిన్నగా గరగర శబ్దం. కారణం ఇదేనా? (తిరుపతి)

జవాబు: అయ్యే అవకాశం ఎక్కువ. ఫొటో కదలకుండా లెన్సును సర్దే సున్నితమైన యంత్రం కెమెరాలో ఉంటుంది. పెద్ద మోటార్‌సైకిల్ ఇంజన్ల అదురు దాన్ని దెబ్బతీయవచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. ఫోనును హ్యాండిల్‌కు నేరుగా బిగించవద్దని చెప్పింది. మోపెడ్లు, స్కూటర్ల అదురు తక్కువే అయినా వాటికీ అదురు తగ్గించే రబ్బరు మౌంటు వాడమంది. మీరు ఫోను జేబులో పెట్టుకుని దారి చెవిలో వినండి. చెడిన కెమెరాకు సాఫ్ట్‌వేర్ మందు లేదు, సర్వీసు సెంటరే దిక్కు.

ప్రశ్న: వేసవి సెలవులకు ముందే గుల్‌మర్గ్ వెళ్తున్నాం. అక్కడ స్నోమొబైల్ ఎక్కాలని పిల్లల సరదా. నాకు నడుము నొప్పి ఉంది. ఎక్కవచ్చా? (శ్రీకాళహస్తి)

జవాబు: నడుము నొప్పికి డాక్టర్ దగ్గర మందులు వాడుతుంటే ఎక్కవద్దు, కింద నిలబడి ఫొటోలు తీయండి. ఎక్కక తప్పదంటే, గుంత వస్తోందని కనిపించగానే కాళ్ల మీద బరువు మోపి సీటు నుంచి కాస్త లేవండి. వెన్నుకు తగలాల్సిన దెబ్బ మోకాళ్లు తీసుకుంటాయి. ఫోనును చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోండి. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమని ఆపిల్ చెబుతోంది. అంతకన్నా చలిలో బ్యాటరీ ఉన్నట్టే ఉండి ఫోను ఆగిపోవచ్చు. వెచ్చబడ్డాక మళ్లీ మామూలుగా పనిచేస్తుంది కాబట్టి కంగారుపడి శ్రీనగర్‌లో కొత్తది కొనవద్దు.